భయం లేని ఊపిరి

ఓడ ఎక్కిన మర్నాటి నుంచే హైమను జలుబు పట్టుకుంది. ముక్కు దిబ్బడ, చెవుల్లో దూది కుక్కినట్టు బరువు. తాను కనిపెట్టిన మొప్పలు తొడుక్కుని అందరూ సముద్రంలో చేపల్లా తిరుగుతుంటే తాను మాత్రం ఒళ్లో మిరియాల కషాయం ఫ్లాస్కు పెట్టుకుని పడవలో కూర్చోవలసి వచ్చింది.

"నీ పెళ్లికి నువ్వే రానట్టుంది," అని నవ్వాడు భర్త చక్రధర్.

"వెటకారం చాలు గాని, వీపు పట్టీ బిగించుకో," అంది హైమ.

మొప్ప అంటే వీపుకు కట్టుకునే పలక లాంటి పెట్టె. అందులో పుస్తకం కాగితాల్లా వేల పొరలుంటాయి. చిన్న మోటారు సముద్రపు నీటిని ఆ పొరల సందుల్లోంచి తోస్తుంది. నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు పొర దాటి ముసుగులోకి వస్తుంది. మనిషి వదిలిన బొగ్గుపులుసు వాయువు అదే దారిన నీళ్లలోకి పోతుంది. సిలిండరు మొయ్యక్కర్లేదు, గాలి అయిపోతుందన్న బెంగ లేదు, చేపల్ని బెదరగొట్టే బుడగల చప్పుడు లేదు.

ఇది మొదట్లో ఇంత బాగా పనిచేసేది కాదు. విశాఖపట్నంలోని ల్యాబులో, గాజు తొట్టెలో, మొదటి మొప్పను తొడుక్కుని మునిగినవాడు చక్రధరే. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు, ఈతలో మొనగాడు. రెండు నిమిషాలకే ముసుగు పీకేసి, రొప్పుతూ పైకి వచ్చాడు. "ఎవరో పీక పిసుకుతున్నట్టుంది హైమా. వల్ల కాదు." తర్వాత దిగిన వాళ్లందరిదీ అదే మాట. ఒంట్లో పేరుకున్న బొగ్గుపులుసు వాయువు చేసే పని అది. దాన్ని ఒక్క చుక్క మిగలకుండా బయటికి తోసే పొర కోసం హైమ ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది. చివరికి ఒకనాడు చక్రధర్ తొట్టెలో గంటకు పైగా ఉండి, పిలిస్తే తప్ప రాలేదు. వచ్చి తల తుడుచుకుంటూ, "ఊపిరి పీలుస్తున్నానన్న సంగతే మర్చిపోయానే," అన్నాడు. తన జన్మలో అంతకంటే పెద్ద మెప్పు హైమకు దొరకలేదు.

ఆ మాట విన్న విహార నౌకల కంపెనీ ఒకటి మొప్పలను కొంది. 'నీలవేణి' అనే ఓడలో దీవుల యాత్ర పెట్టింది. ఒక్కో దీవి దగ్గర ఆగడం, ప్రయాణికులు మొప్పలతో పగడాల మధ్యకు దిగడం, సాయంత్రానికి తిరిగి ఓడలో పాటలూ విందులూ. తొలి యాత్రకు హైమ కుటుంబాన్ని కంపెనీయే పిలిచింది. భర్త చక్రధర్, ఇంటర్ చదివే కూతురు మంజీర, అత్తగారు వరహాలమ్మ.

మొదటి దీవిలో అంతా కల లాగే జరిగింది. బయటి సముద్రం, మంచి ఒరవడి ఉన్న నీరు. మంజీర పైకి వచ్చి, "అమ్మా, తాబేలు నా పక్కనే మేస్తోంది, నన్ను రాయి అనుకుంది!" అని అరిచింది. ఆ రాత్రి భోజనాల దగ్గర వరహాలమ్మ మాత్రం మూతి ముడుచుకుంది.

"సేపలకి దేవుడు మొప్పలిచ్చినాడు, మనకి ముక్కిచ్చినాడు. ఆయన పనిలో నువ్వెందుకు దూరినావే కోడలా?"

"దేవుడు రెక్కలు కూడా ఇవ్వలేదమ్మా. మరి నువ్వు విమానమెక్కి కాశీ పోయొచ్చావు కదా," అన్నాడు చక్రధర్. ముసలావిడ నవ్వు ఆపుకోలేక కొడుకు నెత్తిన ఒక్కటి మొట్టింది.

రెండో దీవికి వచ్చేసరికి బంగాళాఖాతంలో అల్పపీడనం. బయటి వైపు కెరటాలు లేచి పడుతున్నాయి. కంపెనీ తరఫున వచ్చిన నందగోపాల్ తెల్లవారుతూనే హైమ దగ్గరికి వచ్చాడు.

"ఏం ఫర్వాలేదు మేడమ్, చోటు మారుస్తున్నాం. దీవి మధ్యలో మడుగుంది. చుట్టూ పగడపు గట్టు. ఒక పడవ పట్టేంత సందు తప్ప కెరటం దూరే దారే లేదు. ఈతకొలనులా ప్రశాంతంగా ఉంటుంది."

ఆ ఈతకొలను అన్న మాట హైమకు ఎక్కడో గుచ్చుకుంది. "ఎంతమంది దిగుతారు?"

"అందరూ. నిన్న దిగనివాళ్లు కూడా పేర్లిచ్చారు."

పోటు మొదలయ్యే వేళ కదా, సందులోంచి కొత్త నీరు వస్తూనే ఉంటుందిలే అని హైమ తనకు తాను చెప్పుకుంది. జలుబుతో తల దిమ్ముగా ఉంది. ఇంకేమీ అడగలేదు.

ఆ దీవిని పోర్ట్‌బ్లెయర్ తెలుగువాళ్లు గిన్నెలంక అంటారని పడవలో కామేశ్ చెప్పాడు. అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన మనిషి. ఓడలో డైవింగ్ చూసుకునేది కామేశే. కంపెనీ నియమం ప్రకారం అతని పడవలో పాతకాలపు గాలి సిలిండర్లు కొన్ని సిద్ధంగా ఉన్నాయి.

మడుగు నిజంగానే గిన్నె లాగే ఉంది. గాలి లేదు, నీటి మీద ముడత లేదు. ఇరవై మందికి పైగా ఒకరి వెనుక ఒకరు మునిగిపోయారు. వెళ్లే ముందు మంజీర ముసుగు లోంచి అమ్మకు చెయ్యి ఊపింది. చక్రధర్ కూతురి చెయ్యి పట్టుకుని ముందుకు ఈదాడు.

నీళ్లు మళ్లీ అద్దంలా సర్దుకున్నాయి. హైమ ఫ్లాస్కు మూతలో కషాయం పోసుకుని, బిస్కెట్టు కొరుకుతూ కూర్చుంది. కాసేపటికి పడవ పక్కన చిన్న చిన్న చేపలు గుంపుగా పైకి తేలాయి. నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. బిస్కెట్టు పొడి వేసింది. ఒక్క చేపా దాన్ని ముట్టుకోలేదు. పొడి వాటి మధ్యే నాని మునిగిపోయింది. చేపలు మాత్రం నీటి పైపొరకు మూతులు ఆనించి అలాగే రొప్పుతున్నాయి.

హైమ మూత కింద పెట్టేసింది. అవి తిండికి రాలేదు, గాలికి వచ్చాయి.

ప్రాణవాయువు కొలిచే మీటరు సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దాని తీగ కొసను నీళ్లలోకి వదిలింది. రెండు నిలువుల లోతున ఉండవలసిన దాంట్లో సగమే ఉంది. మరో రెండు నిలువులు దించింది. ముల్లు ఇంకా పడిపోయింది. చూస్తుండగానే మరికాస్త దిగింది.

రాత్రంతా ఆ మడుగులో పగడాలూ నాచూ పీల్చుకుని మిగిల్చినదే తక్కువ. ఆ తక్కువలోంచి ఇన్ని మోటార్లు ఒక్కసారిగా తోడుకుంటున్నాయి. ల్యాబులో ఎప్పుడు పరీక్షించినా ఒక్కరు, మహా అయితే ఇద్దరు. గుంపుగా ఒకే గిన్నెలో దిగితే ఏమవుతుందని ఎవరికీ తట్టలేదు. తనకూ తట్టలేదు.

"కామేశ్! అందర్నీ పైకి పిలువు. ఇప్పుడే!"

కామేశ్ ఇనుప కడ్డీతో నిచ్చెనను టంగు టంగుమని కొట్టాడు. నీళ్లలో ఆ చప్పుడు చాలా దూరం పోతుంది. విన్నవాళ్లు వెంటనే పైకి రావాలని ముందే చెప్పి ఉంచారు. ఇద్దరూ నీటి వంక చూస్తూ నిలబడ్డారు. ఎవరూ రాలేదు. కామేశ్ మళ్లీ కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాడు.

పక్క పడవలోంచి నందగోపాల్ అరిచాడు. "ఎందుకు మేడమ్ కంగారు? గాలి తగ్గితే ముసుగులో ఎర్ర దీపం వెలుగుతుంది కదా! వాళ్లే వస్తారు. ఊరికే భయపెడితే తొక్కిసలాటవుతుంది!"

ఎర్ర దీపం. దాన్ని పెట్టించింది హైమే. కాని ఆ దీపాన్ని చూసి ఉలిక్కిపడవలసింది మెదడు. ఊపిరాడక గుండె గాభరా పడటమన్నది బొగ్గుపులుసు వాయువు పేరుకుంటేనే. దాన్ని తన పొర ఒక్క చుక్క మిగల్చకుండా తోసేస్తోంది. ప్రాణవాయువు ఒక్కటే మెల్లగా సన్నగిల్లితే మంట లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు. కల్లు తాగినట్టు హాయి, ఆ తర్వాత నిద్ర. దీపాన్ని చదవవలసిన మెదడే అందరికంటే ముందు నిద్రపోతుంది.

"సిలిండర్లు తియ్యి. రెండు మనకి ఉంచి, మిగతావన్నీ మూతలు పూర్తిగా విప్పి నీళ్లలో పడెయ్."

"పారేత్తామా? ఏటి మేడమ్, గాలంతా పోద్ది కదా!"

"పోవాలి. వాళ్లు పీల్చేది నీళ్లనే. ఆ నీళ్లలోకే గాలి పోవాలి. వెయ్యి కామేశ్!"

అతను మరో మాట అడగలేదు. విప్పిన సిలిండర్లు బుస్సుమంటూ ఒకదాని తర్వాత ఒకటి మడుగులో పడ్డాయి. అద్దంలాంటి నీరు ఎసరులా తెర్లింది. నందగోపాల్ నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. హైమ ఒక సిలిండరు వీపున వేసుకుంది.

"చెవులు మూసుకుపోయి ఉన్నాయన్నారు, మీరు దిగకూడదు," అన్నాడు కామేశ్. ఆ మాట ముగిసేలోగా ఆమె నీళ్లలో ఉంది.

మూడు నిలువులు దిగేసరికి ఎడమ చెవిలో కాల్చిన సూది దించినట్టయింది. ఇంకాస్త దిగాక లోపల ఏదో పట్ మని చిట్లింది. నీళ్లు గిర్రున తిరిగాయి. ఏది పైనో ఏది కిందో తెలియలేదు. బుడగలు పోయే వైపు పైన అని గుర్తు పెట్టుకుని, ఏడుస్తూనే కిందికి తన్నుకుంది.

ముందుగా దీపాలు కనిపించాయి. జాతరలో గొలుసు బల్బుల్లా ఎర్రెర్రగా వెలిగి ఆరుతున్నాయి. ఆ దీపాల వెనుక మొహాలు. అందరూ నవ్వుతున్నారు. కొత్తగా పెళ్లయిన జంట చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతోంది. వాళ్లను నడిపించవలసిన ఓడ మనిషి పగడాన్ని పిల్లిని నిమిరినట్టు నిమురుతున్నాడు. ఒకాయన తల వాల్చి నిద్రపోతున్నాడు. హైమ ఆయన భుజం పట్టి కుదిపి పైకి తోసింది. రెండో సిలిండరుతో వెనకే దిగిన కామేశ్ ఆయన్ని అందుకుని, మరొకరి పట్టీ కూడా దొరకబుచ్చుకున్నాడు.

బుడగల తెర అడ్డంగా పాకుతోంది. అది తాకిన చోట మనుషులు కల చెదిరినట్టు కళ్లార్పి, దీపాన్ని అప్పుడే చూసినట్టు అదిరిపడి, పైకి కొట్టుకుపోతున్నారు.

ఆ తెర ఇంకా చేరని అంచున మంజీర కనిపించింది. రాతి గట్టు మీద మోకాళ్లు ముడుచుకుని, చెయ్యి చాచి ఉంచి, దేన్నో చూస్తోంది. ఆ చూపు వెంట హైమ చూసింది. గట్టు కింద నీరు నల్లబడే చోటికి చక్రధర్ వెల్లకిలా జారిపోతున్నాడు. ముసుగు సగం ఊడి ఉంది.

హైమ ఒంట్లో ఒక్కరిని లాగే సత్తువే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అటు చూసింది, ఇటు చూసింది. తర్వాత కూతుర్ని నడుం దగ్గర పట్టుకుని పైకి తన్నుకుంది.

మళ్లీ దిగడానికి కామేశ్ ఒప్పుకోలేదు. తానే దిగాడు. చక్రధర్‌ను తీసుకొచ్చి పడవలో పడుకోబెట్టాక, ఓడ డాక్టరు వచ్చేదాకా ఇద్దరూ మార్చి మార్చి అతని గుండె మీద నొక్కుతూనే ఉన్నారు. అందరూ బతికారు, అతనొక్కడు తప్ప.

ఓడలో వరహాలమ్మ గదికి హైమ తడిబట్టలతోనే వెళ్లింది. మెడ మీదికి చెవి నుంచి నెత్తురు కారుతోంది. చెప్పనక్కర లేకపోయింది. ముసలావిడ కోడలి మొహం చూసి మంచం అంచు పట్టుకుంది. ఒక్కటే అడిగింది.

"నొప్పి పడ్డాడేటే నా కొడుకు?"

"లేదత్తయ్యా. ఏమీ తెలియలేదు. నవ్వుతూనే..."

"నవ్వుతూనే పోనాడా." ఆవిడ ఆ మాటనే పట్టుకుని ఊగింది. "పోన్లే. పోన్లే నాయనా. నొప్పి లేదంట."

ఆ తర్వాత ఇంటికి ఎవరు పలకరింపుకు వచ్చినా వరహాలమ్మ అదే చెప్పేది. నా కొడుక్కి నొప్పి తెలవలేదమ్మా, అని. మంజీర అక్కడ ఉంటే లేచి లోపలికి వెళ్లిపోయేది.

వానలు వెనకపట్టాక నందగోపాల్ విశాఖ వచ్చాడు. ల్యాబులో కూర్చుని, చేతులు నలుపుకుంటూ, మెల్లగా మొదలుపెట్టాడు.

"జరిగింది ఘోరం మేడమ్. కాదనను. కాని మొప్ప తప్పు లేదు, జనం ఎక్కువయ్యారు. విచారణలో కూడా అదే తేలింది. ఇకమీద మడుగుల్లో దించం. బయటి సముద్రంలో అయితే గుంపుకు నలుగురే. మీరు సరే అంటే యాత్రలు మళ్లీ మొదలుపెడదాం." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి. ఆ రోజు బతికి వచ్చినవాళ్లే ఫోన్లు చేస్తున్నారు. అంత హాయి ఎప్పుడూ చూడలేదట. మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారని అడుగుతున్నారు."

హైమ గాజు తొట్టె వంక చూస్తూ వింది. మనసులో ఆమె సగం ఒప్పుకునే ఉంది. వరదల్లో మునిగిన వాళ్లను వెతికేవాళ్లు, రేవులో ఓడల అడుగు బాగుచేసేవాళ్లు, ఎందరికో పనికొచ్చే వస్తువు ఇది. నలుగురే అన్న నియమం ఉంటే చాలదా? చక్రధర్ మొదటగా తొడుక్కున్నది, అతని చావుతో మూలపడాలా?

"రేపు చెప్తాను," అంది.

ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ కూతురికి ఆ సంగతి చెప్పింది. మంజీర మడత పెడుతున్న తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడింది.

"నన్నెవరూ ఒకటి అడగలేదమ్మా. విచారణలోనూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

"ఏమిటి?"

"నాన్న చెయ్యి నా చేతిలోంచి జారిపోయినప్పుడు నేను చూశానా అని." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "చూశాను. ముసుగు ఊడటం చూశాను. కిందికి పోతుండటం చూశాను. చచ్చిపోతున్నాడని కూడా తెలుసు. నాకు బాగుందమ్మా. చాలా అందంగా ఉందనిపించింది. చెయ్యి చాపాలని కూడా అనిపించలేదు. అది ముందే చాచి ఉంది, అంతే."

హైమ బట్టలు కింద పడేసి దగ్గరికి వెళ్లింది. "అది నువ్వు కాదే తల్లీ. మెదడుకు ప్రాణవాయువు అందనప్పుడు..."

"తెలుసు. అదంతా చదివాను. కాని అప్పుడు అక్కడ ఇంకెవరున్నారమ్మా? సంతోషపడింది నేనే కదా." తువ్వాలును నలిపేస్తోంది. "నాయనమ్మ నొప్పి లేదు, నొప్పి లేదు అంటుంటే నాకు అరవాలనిపిస్తుంది. కొంచెం నొప్పి ఉంటే నాన్న లేచేవాడు. నేను పట్టుకునేదాన్ని."

హైమ చెయ్యి తన ఎడమ చెవి మీదికి పోయింది. చెవి పగిలి ప్రాణం పోయేంత బాధలో ఉన్నది తానొక్కతే. ఆ రాతి గట్టు దగ్గర తెలివిలో ఉన్నదీ తానొక్కతే. ఆ రెండూ ఒక్క సంగతేనని ఇంతకాలం ఎందుకు తోచలేదా అనుకుంది. పీక పిసికినట్టుందని చక్రధర్ రొప్పుతూ పైకి వచ్చిన రోజున ఆ బాధను తాను ఒక లోపమనుకుంది. దాన్ని పీకెయ్యడానికే తన తెలివంతా ధారపోసింది.

మర్నాడు నందగోపాల్‌తో చెప్పింది. "గుంపుకు నలుగురైనా, ఒక్కరైనా, ఈ మొప్ప ఇక నీళ్లలోకి దిగదు. ఇంకోటి చేస్తాను. ప్రాణవాయువు తగ్గడం మొదలవగానే అందులో బొగ్గుపులుసు వాయువు పోయే దారి మూసుకుపోతుంది. తొడుక్కున్న వాడికి ఊపిరాడదు. భయమేస్తుంది. పైకి పరిగెత్తుకొస్తాడు."

నందగోపాల్ నమ్మలేనట్టు చూశాడు. "సెలవులకని వచ్చినవాళ్లకు ఊపిరాడకుండా చేస్తారా? ఎవరు తొడుక్కుంటారు మేడమ్?"

"అవసరం ఉన్నవాళ్లు తొడుక్కుంటారు."

కంపెనీ ఆమెను వదిలేసింది. హైమ ఆ పొర మీద మళ్లీ మొదటి నుంచి పడింది. కాలేజీ అయ్యాక మంజీర ల్యాబుకు వచ్చేది. మొదట దూరంగా కూర్చునేది. తర్వాత పొరలు కడగడం, మోటార్లు బిగించడం నేర్చుకుంది. తల్లీకూతుళ్లు పని సంగతులు తప్ప మరేమీ మాట్లాడుకునేవారు కాదు.

కొత్త మొప్ప సిద్ధమయ్యాక, మరొకరిని దించడానికి హైమ ఒప్పుకోలేదు. తొట్టెలోకి కొత్త నీరు వచ్చే గొట్టం మూయించి, తానే దిగింది. మంజీర గట్టు మీద మోకరించి, తల్లి నడుముకు కట్టిన తాడు రెండు చేతులా పట్టుకుంది.

నీళ్లలో మొదట ఏమీ లేదు. మోటారు చిన్నగా గుర్రుమంటోంది. ఊపిరి తేలిగ్గా, అలవాటైన ఆ పాత తేలికతోనే ఆడుతోంది. ఎంతసేపటికీ అంతే. పొర పనిచెయ్యలేదేమోనని హైమకు అనుమానం వచ్చింది. ఒళ్లు సడలుతోంది. గాజు అవతల కూతురి నీడ అందంగా కదులుతోంది. చాలా అందంగా.

అప్పుడు గుండె మీద ఎవరో కాలు వేసి తొక్కినట్టయింది.

ఆమె ఓర్చుకుందామనుకుంది. ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడాలనుకుంది. అది చూడనివ్వలేదు. పీక బిగిసింది, కళ్లు ముందుకు పొడుచుకొచ్చాయి, ఒళ్లంతా ఒకే ఒక్క మాట అరిచింది. చేతులు వాటంతటవే గాజును గీరుతూ పైకి ఎగబాకాయి. ముసుగు పీకేసి, గట్టు మీద బోర్లా పడి, దగ్గుతూ, గాలిని కరిచి కరిచి మింగింది.

మంజీర ఆమెను భుజాలు పట్టి లాగి ఒళ్లోకి తీసుకుంది. "అమ్మా! ఏమైంది? అమ్మా, మాట్లాడు!"

"భయమేసింది," అంది హైమ. నోట మాట సరిగా రావడం లేదు. "చచ్చిపోతానేమోనని భయమేసిందే మంజూ. చాలా భయమేసింది."

మంజీర తల్లి తడి తలను గుండెకు గట్టిగా అదుముకుంది. ఉన్నట్టుండి ఆమె భుజాలు అదిరాయి. గిన్నెలంక నుంచి వచ్చాక మంజీర ఏడవడం అదే మొదటిసారి.